గోడ యవతలి చప్పుడు

ఇల్లు కట్టువాఁడు ఎండను, వానను, దొంగను దలఁచి గోడ పెట్టును గాని, చప్పుడును దలఁచి పెట్టువా రరుదు. నేనును దలఁపలేదు.

మాది యెమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పిన యూరు. మగ్గపు చప్పుడు మాకుఁ గ్రొత్త కాదు. మా తండ్రిగారి నాఁటి మట్టిమిద్దెకు రెండడుగుల మందముగల రాతిగోడ లుండెను. ప్రక్కయింట రేయెల్ల మగ్గ మాడినను మాకుఁ దెలిసెడిది కాదు. దానిని విప్పించి, స్థలము కలసివచ్చునని, నడిమిగోడను నాలుగున్నర యంగుళముల యిటుకతో నేనే కట్టించితిని. ఆ తప్పు మఱియొకరిది కాదు.

ప్రక్కయింటి నేతగాఁడు నాయొద్దఁ జదువుకొన్నవాఁడు. పెండ్లిండ్ల కాలమున రాత్రి పదునొకండు గంటలదాఁక నేయును. నిరుడు నా భార్యకు గుండెజబ్బు చేసి, నిద్ర చెడరాదని వైద్యులు చెప్పిరి. నేను పోయి కొంచెము కటువుగానే మాటాడితిని. "అయ్యవారూ, మగ్గం ఆగితే మా పొయ్యి ఆగుతాది" అని యతఁడు తల వంచుకొనెను. నాకు బదులు తోఁపలేదు. నెలదినములు రెండిండ్లకును మాటలు లేవు.

అంతట నా కుమారుఁడు ఆదోనినుండి నురుగు డబ్బాలు తెచ్చెను. అది పాలీయురిథేన్ అను పదార్థము. దాని రసాయనమును 1937లో జర్మనీ దేశమున ఆటో బేయర్ అను శాస్త్రజ్ఞుఁడును, అతని తోడివారును కనిపెట్టిరి. చిమ్మినంతనే పొంగి, గాలిబుడగలతోఁ గట్టిపడును. గోడకుఁ బట్టించినచో చప్పుడు రాదని మావానికెవరో చెప్పిరఁట. తండ్రికొడుకుల మిద్దఱమును రెండు దినములు శ్రమపడి గోడయంతయుఁ బట్టించితిమి.

ఆ రాత్రి చెవియొగ్గి వింటిమి. మగ్గము నిన్నటివలెనే యాడుచున్నది.

తరువాతఁ బుస్తకములు తిరుగవేసితిని. చప్పుడు నాపునది బరువు. ఘనమీటరు రాయి రెండువేల యైదువందల కిలోల ప్రాంతము తూఁగును. గట్టి నురుగైనను ముప్పది నలువది కిలోలే. గోడ బరువు రెట్టింపైనఁ గాని ఐదాఱు డెసిబెల్లులు తగ్గవు; పది తగ్గినఁ గాని చెవికి సగమైనట్లు తోఁపదు. నురుగు వేఁడిని బాగుగ నాపును, గాలిని నాపును. ఆ మంచిపేరే మమ్ము మోసగించినది.

ఇంకొక మాట. ఆ నురుగు చిమ్మునపుడు వెలువడు ఆవిరి ఊపిరితిత్తులకు హాని; ఉబ్బసము పుట్టింపఁగలదు. డబ్బాలోని వాయువు సాధారణముగా నిప్పంటుకొనునది. నురుగే కాలినచో విషధూమము వచ్చును. మేము కిటికీలు తెఱచి, పొయ్యి యార్పి, ముక్కునకు గుడ్డ కట్టుకొంటిమి. గుడ్డ చాలదని పిదపఁ దెలిసినది. జబ్బు మనిషిని ముందే తమ్ముని యింటికిఁ బంపితిని గనుక బ్రదికితిమి.

ఒకనాఁడు సిగ్గు విడిచి ప్రక్కయింటికిఁ బోతిని. అతఁడు చాప పఱచెను. మగ్గమును నేనంత దగ్గఱగాఁ జూచుట అదియే మొదలు. మగ్గపు గుంజ యొకటి నడిమిగోడకు మేకులతో బిగించియున్నది! పన్నెతోఁ గొట్టిన ప్రతిదెబ్బయు గుంజవెంట గోడలోనికే పోవుచున్నది. గోడయే తప్పెట యైనప్పుడు దానిపై నురుగేమి చేయును? పైఁగా మిద్దెక్రింద గోడకొసను వ్రేలు దూఱు సందు. గోడలో నూఱింట నొకపాలు తెఱపి యున్నచో, ఎంత బరువు గోడయైనను ఇరువది డెసిబెల్లులకు మించి యాపఁజాలదు.

మఱునాఁడు ముగ్గురమును గలసి గుంజను గోడకు జేనెడు దూరము జరిపి, దానిక్రింద పాత టైరుముక్క లుంచితిమి. సందును మిగిలిన నురుగుతోనే నింపి, పైన సిమెంటు మెత్తితిమి. ఆ పనికి మాత్ర మది మెచ్చఁదగినదే. పూసినదంతయు గీఁకించి, పాతగోడకుఁ దగులకుండ నాలుగంగుళము లెడము విడిచి, మావైపున మఱియొక గోడ లేపించితిని. నేను మిగుల్చుకొంటి ననుకొన్న స్థల మట్లు తిరిగి గోడకే పోయినది.

ఇప్పుడు మగ్గము బొత్తిగా వినఁబడకపోలేదు. దూరమునఁ దలుపు తట్టినట్లుండును. నా భార్య దానితోనే నిద్రపోవుచున్నది. అది యాగిన రాత్రి మాత్రము లేచి, "అబ్బాయికిఁ బని లేదేమో, తెల్లవారఁగానే కనుక్కొని రండి" అనుచున్నది.