చేతులు కడుక్కున్నావా అమ్మా?



హెర్నియా ఆపరేషనయిన ఐదో రోజున నాకు కుట్ల దగ్గర చీము పట్టింది. ఇచ్చిన మందులు పనిచేయలేదు. చీము కల్చర్ పరీక్షకు పంపితే ఎం.ఆర్.ఎస్.ఎ. అని తేలింది. అంటే మెథిసిలిన్ మందుకు లొంగని స్టాఫ్ సూక్ష్మజీవి. ఆ మందు 1959లో తయారైతే, 1961కల్లా బ్రిటన్‌లో దాన్ని తట్టుకునే రకం బయటపడింది. మన ఆఫీసుల్లో ఫైళ్లు కూడా అంత త్వరగా కదలలేదు!

మామూలు స్టాఫ్ ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ హానీ చేయకుండా ఉంటుందట. ఆస్పత్రిలో ఒక రోగిని ముట్టిన చేతులతో ఇంకొకరి కట్టు విప్పితే, అది గాయంలోకి చేరుతుంది. నాకు కట్టు మార్చిన కుర్రవాడు పక్క మంచం దగ్గరనుంచి తిన్నగా వచ్చాడు. చూశాను. ఏమనుకుంటాడోనని ఊరుకున్నాను. అలా ఎన్నిసార్లు ఊరుకున్నానో!

మళ్లీ చేరాను. పద్నాలుగు రోజులు వాంకోమైసిన్ నరానికి ఎక్కించారు. కిడ్నీలకు దెబ్బ తగులుతుందేమోనని రక్త పరీక్షలు చేస్తూనే ఉన్నారు. మా ఆవిడ బెంచీమీదే పడుకుంది.

ఈసారి మాత్రం కట్టు విప్పబోయిన నర్సును అడిగాను, "చేతులు కడుక్కున్నావా అమ్మా?" అని.

"మర్చిపోయాను తాతగారూ" అని నవ్వి, వెళ్లి కడుక్కుని వచ్చింది.