నామముద్రా రక్షణము

(వాడరేవు వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమునను, వివాహవిషయమునను మన సంఘము చేయుచున్న సేవ మీ రెఱుగనిది కాదు. నేడు నేను మనవి చేయదలచినది, అంతర్జాలమున తమ పేరును, తమ రూపమును ఎవరికి వారు కాపాడుకొనుటను గూర్చి.

కాళిదాసకృతమైన అభిజ్ఞానశాకుంతలమున మన వృత్తివా డొకడు కలడు. దుష్యంతుని నామాక్షరములు గల యుంగరము శకుంతల వ్రేలినుండి శచీతీర్థమున జాఱి, రోహితమత్స్యము కడుపున చేరెను. ఆ చేపను కోసిన జాలరి ఉంగరము నమ్మజూపగా, రాజభటులు దొంగయని బంధించి కొట్టిరి. ఇందు మనము గ్రహింపవలసినవి రెండు కలవు. ముద్ర పోవుటచే నిజమైన భార్యను రాజు గుర్తింపడయ్యెను. ముద్ర చేత నుండుటచే నిరపరాధి దొంగ యనిపించుకొనెను.

నేటి నామముద్రలు సెల్‌ఫోను సంఖ్య, ఆధారు సంఖ్య, ఓ.టి.పి., ఫేస్‌బుక్కులోని ఛాయాచిత్రము. ఒకని పేరును, బొమ్మను అపహరించి వేఱొక ఖాతా తెఱచి, "ఆపదలో నున్నాను, వెంటనే సొమ్ము పంపుము" అని వాని బంధువులకు వ్రాయు వంచకులు కలరు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు వేట నిలిచియున్నప్పుడు మనవారు ప్రభుత్వభృతి కెదురుచూచుచుందురు. అట్టి తఱి "భృతి మంజూరైనది, ఓ.టి.పి. చెప్పుడు" అను పలుకు వినబడినచో ఒక నిమేషమాగి యోచింపవలయును. నిజమైన అధికారి యెన్నడును ఓ.టి.పి. యడుగడు.

స్వల్పధనమున కాశపడి తన పేరిటి సిమ్ముకార్డును, బ్యాంకు ఖాతాను పరుల కిచ్చుట మఱింత ప్రమాదకరము. మన పడవ ముక్కున రిజిస్ట్రేషను సంఖ్య వ్రాయింతుము గదా! ఆ పడవను ముఖమెఱుగనివాని కప్పగించి, అందేమి మోసికొని పోవునో యడుగక యుందుమా? నేరము జరిగినపుడు పోలీసువారు మొదట వెదకునది ఖాతా యెవరి పేర నున్నదో వానినే. కాళిదాసుని జాలరిని రాజు విడిపించి పారితోషిక మిచ్చెను. మన యువకునకు అట్టి భాగ్యము కలుగునని యెవరు చెప్పగలరు?

శాసనము మనకు అండగా నున్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున, 2008 సవరణచే చేరిన 66సి, 66డి విధులను బట్టి, పరుల గుర్తింపును అపహరించినను, పరుని వేషమున వంచించినను మూడేండ్ల వఱకు కారాగారమును, లక్షరూపాయల వఱకు జుల్మానాయు కలవు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము తీర్పు చెప్పెను. మోసపోయినవారు సిగ్గుపడి దాచక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును. ఆలస్యమైన కొలది సొమ్ము చేతులు మాఱును. తమ పేర నెన్ని సిమ్ము లున్నవో సంచార్ సాథీ యందు చూచుకొనవచ్చును. ఆధారు ప్రతి నీయవలసివచ్చినచో, కడపటి నాలుగంకెలు మాత్రము కనబడు ప్రతిని ఇచ్చుట మేలు.

ఇక యువకులకు నొకమాట. పెదవి దాటిన మాట పృథివి దాటునని పెద్దలందురు. వ్రాసిన మాటయన్ననో, చెఱిపివేసినను ఒకరి ఫోనులో నిలిచియుండును. ఉద్యోగ మిచ్చువాడును, పిల్ల నిచ్చువాడును దానిని చదువుదురు. కోపమున పరకులమును దూషించి వ్రాసినది, వ్రాసినవాని పేరిటనే గాక మన యందఱి పేరిటను చెల్లును.

చివరకు పెద్దలకు మనవి. తప్పుగా నెంచకుడు. వివాహసంబంధముల కొఱకని కన్యల ఛాయాచిత్రములు, పుట్టినతేదీలు, ఫోను సంఖ్యలు వందలమంది యున్న వాట్సప్ బృందములలో ప్రకటించుట సదుద్దేశముతోడి పనియే. కాని ఒకమా రందు పడిన చిత్రము సంద్రమున పడిన యుంగరము వంటిది. ఏ చేప మ్రింగునో, ఎవరి చేత తేలునో యెవ్వరెఱుగుదురు? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టమునకును సమ్మతియే ముఖ్యాధారము. కావున ఈ సభ మూడు నియమములు చేయవలెనని ప్రార్థించుచున్నాను. కన్య స్వయముగా సమ్మతింపనిదే ఆమె వివరములు ప్రకటింపరాదు. ఫోను సంఖ్య కార్యదర్శి కడనే యుండి, అడిగినవారి మంచిచెడ్డలు విచారించిన పిదపనే యీయబడవలెను. సంబంధము కుదిరిన వెంటనే ఆ వివరములు తొలగింపవలెను. విద్యార్థివేతనముల పట్టికలకును ఇదే పద్ధతి వర్తింపవలెను.

ధనము పోయిన మరల వేటాడి తెచ్చుకొందుము. పేరు పోయిన ఏ వలకు చిక్కును? నా విన్నపమును సభవారు నేడే తీర్మానముగా స్వీకరింతురుగాక.

స్వస్తి.