గ్యాసు గీజరు వెలుగనప్పుడు



కుళాయి విప్పినను గ్యాసు గీజరు వెలుగకున్నచో వెంటనే యంత్రమును నిందింపరాదు. నీటి ఒత్తిడియే లోపలి కవాటమును నెట్టి గ్యాసును విడుచును. మిద్దెమీది తొట్టిలో నీరు తగ్గినను, జల్లెడలో ఇసుక చేరినను మంట పుట్టదు. నిప్పురవ్వ నిచ్చు బ్యాటరీలు నీరసించుటయు మిక్కిలి తఱచు. ఇవి గ్యాసు కట్టివేసి యింటివారే చక్కబెట్టుకొనదగినవి.

నీలముగా నుండవలసిన మంట పసుపువన్నెకు దిరిగినచో సంగతి వేఱు. గాలి చాలక కార్బన్ మోనాక్సైడు పుట్టుచుండవచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. మొదట తలనొప్పి, వికారము. పిమ్మట స్పృహ తప్పుట. మూసిన గదిలో నీలపుమంటను సైతము నమ్మరాదు. చలికని కిటికీ బిగించుకొని స్నానమాడువారికి కేకవేయు నవకాశమైన నుండదు. కావున గీజరును స్నానపుగదిలో గాక వెలుపలి గోడకు బిగింపింపవలెను. గొట్టము పొడుగగునని మేస్త్రీ సణుగును, సణుగనిండు.