రెండు బాయిల నీళ్లు
(బొగ్గుబావుల ప్రాంత మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా వైపు నీళ్లు చేదుకునే బావినీ బాయి అంటాం, బొగ్గు గనినీ బాయి అంటాం. ఈ రెండు బాయిలకూ సంబంధం ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది.

మా ఆయన ఇరవై ఏళ్లు భూగర్భ గనిలో పంపు నడిపాడు. బొగ్గు పొరల చుట్టూ ఉన్న ఇసుకరాయిలో నీరుంటుంది. తవ్విన కొద్దీ అది గనిలోకి ఊరుతుంది. వానాకాలంలో నేల పగుళ్ల గుండా ఇంకా దిగుతుంది. బొగ్గు తీసిన ఖాళీల్లో ఇసుక నింపితే, ఆ ఇసుకతో పంపిన నీళ్లనూ తిరిగి తోడాల్సిందే. అన్నిటినీ పల్లంలోని సంపులోకి మళ్లించి, పంపు మీద పంపు పెట్టి పైకి ఎత్తుతారు. కరెంటు పోయినా, రెండో పంపు సిద్ధంగా లేకపోయినా పల్లంలో పనిచేసేవాళ్లకు గండమే.

అంతకన్నా పెద్ద గండం పాత గనుల్లో నిలిచిన నీరు. 1975 డిసెంబరు 27న చస్నాలాలో 375 మంది, 2001లో బాగ్‌డిగిలో 29 మంది, 2003 జూన్ 16న మన గోదావరిఖనిలో 17 మంది గనిలోకి నీరు ముంచెత్తి చనిపోయారు. పరీక్షించని పాత పనులకు 60 మీటర్ల లోపలికి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని 1957 బొగ్గుగనుల నిబంధనల్లోనే ఉంది. పటం తప్పయితే ఆ 60 మీటర్లను ఎక్కడినుంచి కొలుస్తారు?

ఇక పైన సంగతి. గని నీటిని తోడుతుంటే చుట్టుపక్కల భూమిలో నీటిమట్టం దిగుతుంది. మా వాడలో చేదబాయిలు ఒక్కొక్కటే ఎండాయి. తోడిన నీళ్లేమో బొగ్గుపొడితో నల్లగా వాగులో కలిశాయి. ఆ నీటిని ట్యాంకుల్లో తేర్చి, పరీక్షించి వదిలితే చెరువు నిండేది, పొలం తడిసేది. మేము మాత్రం ట్యాంకరు ముందు బిందెలతో బారులు తీరాం.

అడగడానికి పోతే ఒక అధికారి, "బాయి సంగతి ఆడవాళ్లకేం తెలుసు?" అన్నాడు. ఇంటికొచ్చి చేదతాడుకు మూరకో ముడి వేశాం. ప్రతి అమావాస్యకూ నాలుగు బాయిల్లో నీళ్లు ఎన్ని ముడుల లోతున ఉన్నాయో చూసి, బడికిపోయే పిల్లతో నోటుపుస్తకంలో రాయించాం. ఏడాది తర్వాత ఆ పుస్తకం బల్ల మీద పెడితే అదే అధికారి కుర్చీ చూపించాడు. వారానికోసారి వచ్చే ట్యాంకరు రోజూ రావడం మొదలైంది. బాయిలు మాత్రం నిండలేదు.

1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పని చేయనివ్వలేదు. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు పగటిపూట అనుమతి వచ్చింది. కానీ ఆ నీటి లెక్క అడగడానికి గనిలోకి దిగనక్కరలేదు. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ప్రభుత్వ గనులున్న చోట రోజుకు ఎంత తోడారు, ఎక్కడ వదిలారు, పరీక్షలో ఏం తేలింది అని రాతపూర్వకంగా అడగండి. పాత పనుల పటాలు కార్మికులకు చూపించారా అని కూడా అడగండి. లోపల ఉన్నది మన మనుషులే.

అడిగే ముందు మీ బాయి లోతు మీరే కొలిచి పెట్టుకోండి. మా నోటుపుస్తకం తెచ్చాను, చూసి వెళ్లండి.