శుద్ధి పూర్తియైన దెప్పుడు?



వ్యాజ్యము తీఱినంతనే నీరు తేఱినదని తలచుట మా వృత్తివారికి అలవాటు. మేమును అట్లు తలచి తలవంచుకొనినవారమే. మూతబడిన కర్మాగారము క్రింది భూగర్భజలము శుద్ధియైనదని యెప్పుడు చెప్పవచ్చునను ప్రశ్నను నేడు మీ యెదుట నుంచుచున్నాము.

రాజస్థానమున ఉదయపురము చేరువ బిచ్ఛ్రీ యను గ్రామము గలదు. 1988లో అచ్చట రంగుల తయారీకి వలయు హెచ్-ఆసిడ్ అను ద్రవ్యమును చేయసాగిరి. చేసినది సుమారు 375 టన్నులు. మిగిలిన విషపు మడ్డియో 2,400 టన్నులకు పైబడినది! దానిని బయట కుప్పలుగ బోయగా, వానలకు కరగి నేలలోని కింకెను. నూతుల నీరు రంగు మాఱి మనుష్యులకును పశువులకును పనికిరాకపోయెను. గ్రామస్థులు తిరుగబడిరి, నిషేధాజ్ఞలు వెలువడెను, ఆ ద్రవ్యపు తయారీ నిలిచెను. మడ్డి మాత్రము నేలలోనే యుండెను.

1996 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. దానిని వ్రాసినవారు జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డిగారు, మన హైకోర్టున న్యాయమూర్తిగ నుండిన తెలుగువారు. మాలిన్యము చేసినవాడే బాగుచేయు వ్యయమును భరింపవలెనని యా తీర్పు. నేలను, నీటిని బాగుచేయుటకు 37.385 కోట్ల రూపాయలని తేలినది. కాని దరఖాస్తుపై దరఖాస్తు పడి, ఆ సొమ్మును చక్రవడ్డీతో చెల్లింపుడని 2011 జూలైలో మరల ఆజ్ఞాపింపవలసి వచ్చెను. పదునైదేండ్లు!

సరే, సొమ్ము వచ్చినదే యనుకొందము. పని ముగిసినదని తెలియుటెట్లు? నూనె పీల్చిన మట్టికుండను కడిగి, మఱునాడు నీరు పోసి చూడుడు. జిడ్డు మరల తేలును. భూమియు నట్టిదే. మోటారులతో మలినజలమును తోడుచున్నంతకాలము చుట్టుప్రక్కల మంచినీరు వచ్చి కలియును, పరీక్షలో అంకెలు తగ్గును. తోడుట ఆపినపిమ్మట, బంకమట్టిలోను రాతి పగుళ్లలోను దాగిన విషము మెల్లగ వెలికివచ్చును. అమెరికావారు 2014లో ప్రకటించిన పద్ధతిలో దీనికై రెండు ఘట్టము లేర్పఱచిరి. ఒక్కొక్క నూతికి, ఒక్కొక్క ద్రవ్యమునకు విడివిడిగ లెక్క చూడవలెను. పరిమితికి దిగుట మొదటి ఘట్టము. శుద్ధిక్రియల ప్రభావము నీటినుండి తొలగిన పిమ్మట, పలుమాఱులు నమూనాలు తీసి, అంకెలు మరల పెరుగవని స్థిరపఱచుకొనుట రెండవది. మనవారు మొదటి ఘట్టమునందే సంతకము చేయుదురు.

మఱియొక చిక్కు గలదు. మన దేశపు త్రాగునీటి ప్రమాణము ఐ.ఎస్. 10500. అందు నైట్రేటునకు లీటరునకు 45 మిల్లిగ్రాములని, మఱి యెన్నింటికో పరిమితులు గలవు. హెచ్-ఆసిడ్ పేరు మాత్ర మందు లేదు. పట్టిక ప్రకారము నెగ్గిన నీటియందును అది యుండవచ్చును! కావున ఏ ద్రవ్యములను వెదకవలెనో కర్మాగారపు పాతలెక్కలు చూచి నిర్ణయింపవలెను గాని పట్టిక చూచి కాదు.

మా తప్పిదము నొకదానిని చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట ఒక గ్రామము పక్షమున వాదించుచుంటిమి. శ్రావణమున, వానలు మెండుగ కురిసినపిమ్మట, ఒక్క నూతినుండి తీసిన ఒక్క నమూనాను అధికారి చూపెను. అంకెలు బాగుగనే యుండెను. మేము సమ్మతించితిమి, వ్యాజ్యము ముగిసెను. గ్రామమున దండలు గూడ వేసిరి. మఱుసటి వైశాఖమున ఒక ముసలమ్మ సీసాతో మా యింటికి వచ్చి, "గెలిచామన్నారు గదా బాబూ, అయితే ఈ నీళ్లు మీరు తాగండి" అనెను. ఆ నీరు పచ్చగ నుండెను. మేము త్రాగలేదు.

భూమి మలినమైన స్థలములను గూర్చి కేంద్రప్రభుత్వము 2025 జూలైలో నియమములు ప్రకటించినది, సంతోషమే. అయినను ఏ నూతులు, ఏ ద్రవ్యములు, ఏ పరిమితి, ఎన్ని ఋతువులు అనునవి పని మొదలు పెట్టకముందే వ్రాసి, పంచాయతీ గోడకు అంటింపవలెనని మేము కోరుచున్నాము. పని ముగియవచ్చినపుడు పరిమితి నేర్పఱచుట, పరుగు ముగిసినచోటనే గీత గీయుట వంటిది.

ఆ గ్రామమున ఇరువదిరెండు నూతులను గుర్తించితిమి. ఎండలలో నొకసారి, వానలు వెలిసినపిమ్మట నొకసారి, మూడేండ్లపాటు నమూనాలు తీయవలెను. సీసాలు పట్టుకొని వెంటవచ్చుటకు ఆఱుగురు స్వచ్ఛందసేవకులు కావలయును. పేర్లు వ్రాసికొనుటకు కాగితము ఈ బల్లమీదనే యున్నది.