ఇసుక దీవిలో రూమ్ బుక్ చేసి మోసపోయా! హోప్ ఐలాండ్ ట్రిప్ పూర్తి కథ

నేను మీ కొత్తచెరువు పిల్లోణ్ణి. ఈ ఎపిసోడ్‌లో ఫస్ట్ నేను మోసపోయిన కథ చెప్తా, తర్వాత దీవి కథ చెప్తా. రెండూ కలిపి వింటేనే మీకు ఉపయోగం.

మా పక్క ఇసుక అంటే చిత్రావతి. ఏట్లో నీళ్లు కనపడే రోజుల కంటే ఇసుక కనపడే రోజులే ఎక్కువ. యాభై ఏళ్లొచ్చినా మా అమ్మ ఒక్కసారి కూడా సముద్రం చూడలేదు. అట్లాంటి టైంలో ఫోన్‌లో ఒక రీల్ వచ్చింది: "హోప్ ఐలాండ్, సముద్రం మధ్యలో ఇసుక దీవి, రాత్రికి కాటేజీలో బస." బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినోణ్ణి కదా, దొంగ లింకు చూస్తే కనిపెట్టేస్తా అని నాకొక పొగరు. నాలుగు వేలు అడ్వాన్స్ కొట్టేసినా.

జనవరి నెలాఖర్లో అమ్మని, నాయనని తీసుకొని మా స్టేషన్‌లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సామర్లకోటలో దిగినాం. అక్కడి నుంచి కాకినాడ దగ్గరే. దిగి ఫోన్ చేస్తే నంబర్ స్విచాఫ్. జెట్టీ దగ్గర ఒక బోటాయన్ని అడిగితే నవ్వినాడు. "దీవిలో రూములేంటి బాబూ? అక్కడ అలాంటివేం లేవండి. ఎవరో మిమ్మల్ని బాగా ఆడించారండి!"

అమ్మ ముఖం చూడలేకపోయినా. ఆ రాత్రి కాకినాడ టౌన్‌లోనే ఒక మామూలు లాడ్జిలో పడుకొని, పొద్దున్నే బోటెక్కినాం.

ఇప్పుడు దీవి కథ. హోప్ ఐలాండ్ సుమారు 16 కిలోమీటర్ల పొడవుండే సన్నటి ఇసుక పట్టీ. పెద్ద వయసేం కాదు, రెండు వందల ఏళ్ల చిల్లర. గోదావరి తెచ్చిన ఇసుకని అలలు ఉత్తరం వైపు నెట్టుకుంటూ పోతే అట్లా పేరుకుంది. తూర్పు నుంచి వచ్చే అలలు ముందు దీనికే తగుల్తాయి. అందుకే లోపల కాకినాడ అఖాతం అంత నెమ్మదిగా ఉంటుంది, ఓడలు నిలబడగలుగుతాయి. అంటే అది కాకినాడకి కాంపౌండ్ వాల్.

దీవిలో దిగంగానే అమ్మ పిడికెడు ఇసుక తీసుకొని, "ఏమప్పా, ఇది మన చిత్రావతి ఇసుక మాదిరే ఉందే" అనింది. మన చిత్రావతి పెన్నలో కలిసి, నెల్లూరు దాటినాక సముద్రంలోకి పోతుంది, ఇది గోదారి ఇసుకమ్మా అని చెప్పినా. "ఏ ఏరైతే ఏముందిలే, తోడకుండా వదిలేస్తే ఇట్లా దీవి అయితుందన్నమాట" అనింది. నాకు మాట రాలేదు.

కొంచెం దూరం నడిస్తే చచ్చిపోయిన తాబేలు. ఆలివ్ రిడ్లే. ఇవి జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకి వస్తాయి. "ట్రాల్ వలలో ఇరుక్కుంటే పైకొచ్చి గాలి పీల్చుకోలేవండి" అన్నాడు బోటాయన. బతికి ఒడ్డెక్కిన తల్లి ఇసుకలో గుంత తీసి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి, సముద్రం వైపు కనిపించే వెలుగుని పట్టుకొని నడుస్తాయి. అక్కడ కాటేజీ లైటు వెలిగితే? అవి లైటు వైపే పోతాయి. తెల్లారేసరికి కాకులకో కుక్కలకో దొరుకుతాయి.

అప్పుడర్థమైంది ఫ్రెండ్స్. నాకు రూమ్ దొరకలేదని ఏడుస్తున్నా, కానీ ఆ దీవి ఇంకా దీవిగా ఉందంటే అక్కడ రూములు లేకపోవడం కూడా ఒక కారణం. అది కోరింగ అభయారణ్యంలో భాగం. రిసార్ట్ స్థలం కాదు.

మరి పోవాలంటే ఎట్లా? ప్లాన్ సింపుల్. రాత్రి కాకినాడలో పడుకోండి. పొద్దున దీవి చూసి సాయంత్రానికి వెనక్కి రండి. బోట్లు వాతావరణం, అనుమతుల్ని బట్టి నడుస్తాయి, ముందే కనుక్కోండి. తాగే నీళ్లు, టోపీ తీసుకుపోండి, చెత్త మొత్తం వెనక్కి తెచ్చేయండి. రెండో రోజు కోరింగ మడ అడవిలో చెక్క బాట మీద నడవండి. బురదలోంచి మేకుల్లాగ పైకి లేచిన వేర్లు కనపడతాయి, చెట్టు వాటితోనే గాలి పీల్చుకుంటుంది. నీళ్ల పక్కనే పడుకోవాలని మరీ కోరికుంటే కోనసీమలో దిండి ఉంది, అక్కడ టూరిజం వాళ్ల రిసార్ట్ ఉంది, హౌస్‌బోట్లు ఉన్నాయి.

ఇంకోటి. అడ్వాన్స్ కట్టే ముందు ఆ చోట బస అనేది అసలు ఉందా అని టూరిజం వాళ్లకో, అటవీ శాఖకో ఒక్క ఫోన్ కొట్టండి. మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి చేయండి. నేను సిగ్గుపడి రెండు రోజులు ఆలస్యం చేసినా, నా నాలుగు వేలు రాలేదు.

ఇంటికొచ్చినాక అమ్మని అడిగినా, "రూమ్ లేదని బాధపడినావా మా?" అని. "ఆ తాబేలు ఇంటికి మనం చుట్టాలుగా పోయినాం. చూసినాం, వచ్చేసినాం. చాల్లే" అనింది.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే ఫ్రెండ్స్. ఇంకో ఊరి కథతో మళ్లీ కలుద్దాం. ఉంటా!