వీధికి సిమెంటు బాట: గుత్త మాటాడుటకు ముందు
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. నేడు ఈ రెంటికిని మూడవదానిని చేర్చవచ్చును: వీధికి సిమెంటు బాట వేయించి చూడు. మొదట అనుకొన్న ఖర్చు ఒకటి, తుదకు చెల్లించునది మరొకటి అగుట ఈ మూడింటికిని సామాన్యమే. అయితే ఇంటి ఖర్చు పెరిగినచో ఆ ఇంటివాడు భరించును. బాట ఖర్చు పెరిగినచో ఊరంతయు భరింపవలెను.

కొంతకాలము క్రిందట నేనొక గ్రామమునకు పోయితిని. అచటి పంచాయతీవారు ఒక వీధికి బాట వేయించుటకై కంట్రాక్టరుతో మొత్తముమీద ఇంత అని గుత్త మాటాడుకొనిరి. త్రవ్వకము మొదలిడిన రెండవనాడే గునపము తగిలి మంచినీటి గొట్టము పగిలినది. అడుగున నల్లరేగడి బయటపడినది. గొట్టమును లోతునకు దించుటకు కొంత, రేగడి తీసి గ్రావెలు పోయుటకు కొంత అదనముగా కావలెనని కంట్రాక్టరు అడిగెను. అప్పటికే వీధి త్రవ్వియుండెను. పని నిలుపుటకు వీలులేదు. నీటి మోటారు మరమ్మతుకై ఉంచిన సొమ్ము బాటకు పోయినది. ఆ వేసవిలో మోటారు కాలిపోగా, స్త్రీలు పదునొకండు దినములు పొలములలోని బావినుండి బిందెలు మోసిరి. కంట్రాక్టరు మోసగాడు కాడు. అతడడిగిన పని నిజముగా అవసరమైనదే. భూమిని చూడకముందే ధర మాటాడుకొనుటయే అక్కడ జరిగిన లోపము.

కనుక మొదటి పని భూమిని చూచుట. మంచి వాన వెలిసిన పిదప వీధి వెంట నడచి, నీరెచ్చట నిలుచునో గుర్తింపుడు. మూడు నాలుగు తావుల మోకాలిలోతు గుంటలు త్రవ్వించి మట్టిని పరీక్షింపుడు. నల్లరేగడి వాననీటికి ఉబ్బును, ఎండకు కుంచించుకొని బీటలువారును. దానిపై నేరుగా పోసిన కాంక్రీటు పగులును. ఎంత లోతు తీయవలెనో, ఎంత గ్రావెలు పోసి గట్టిపరచవలెనో ఇంజనీరుచే ముందుగనే అంచనాలో వ్రాయింపుడు. కుళాయి గొట్టములెచ్చట పోవుచున్నవో ఊరిలో నీరు వదలు మనిషికి తెలిసినంతగా కాగితములకు తెలియదు. అతనిని వెంట తీసికొనిపొండు. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ వంటి పథకముల క్రింద పెక్కు వీధులలో గొట్టములు పడినవి. గొట్టము, మురుగు కాలువ ముందు, బాట తరువాత. ఈ వరుస తప్పినచో నిన్న పోసిన బాటను నేడు కోయవలసివచ్చును.

రెండవది కొలత. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందము గల బాటకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టును. మందము 12 సెంటీమీటర్లకు తగ్గినచో 36 మాత్రమే పట్టును. ఎం-20 రకపు కాంక్రీటుకు ఘనపు మీటరునకు సుమారు 8 బస్తాల సిమెంటు కావలెను గనుక, కంటికి కనబడని ఆ మూడు సెంటీమీటర్లలో 72 బస్తాలు దాగియున్నవి. కాంక్రీటు పోయునాడు సభ్యులలో ఒకరు కొలబద్దతో అచట నిలువవలెను. కంకర, ఇసుక లెక్కయు అట్టిదే. యూనిట్ అనగా 100 ఘనపు అడుగులని అందరకును తెలియును. ట్రాక్టరు లోడన్న మాటకు నిలుకడ గల కొలత లేదు.

మూడవది ఒడంబడిక. త్రవ్విన మట్టిని ఎవరు, ఎచటికి తరలింతురు? నీరు ఎవరు తెత్తురు? అంచుల పలకలు, సుమారు 4 మీటర్లకొకటిగా అడ్డముగా కోయు అతుకులు, 14 దినముల తడుపు, బాట ప్రక్కల మట్టి నింపుట ధరలో చేరినవా? 2017లో వచ్చిన వస్తు సేవల పన్ను, సీనరేజి చేరినవా? ఈ ప్రశ్నలన్నిటిని ఒకే పట్టీగా వ్రాసి, ధర చెప్పు వారందరకును అదే పట్టీని ఇండు. అప్పుడు తక్కువ ధర చెప్పినవాడు నిజముగా తక్కువకు చేయునో, కొన్ని పద్దులు వదలి చెప్పెనో తేలిపోవును.

నాలుగవది అదనపు పని. భూమి అడుగున నున్నదంతయు ముందుగా తెలిసికొనుట ఎవరి తరమును కాదు. కావున అదనపు పని రాదని నమ్ముకొనక, వచ్చినచో గ్రావెలునకు ఘనపు మీటరునకింత, గొట్టమునకు మీటరునకింత అని ధరను ఒడంబడికయందే నిర్ణయింపుడు. అంచనాలో కొంత సొమ్ము దానికై ప్రత్యేకింపుడు. అవసరము కలిగినప్పుడు కొలతయు, ఖర్చును వ్రాసికొని, పంచాయతీ తీర్మానము చేసి, వ్రాతపూర్వకముగా అనుమతి నిచ్చిన పిదపనే పని సాగవలెను. గట్టున నిలబడి సర్పంచి ఊఁ అన్న మాట తరువాత బిల్లుగా మారి వచ్చును.

ఇక చెల్లింపు. సామగ్రి వీధిలో దిగినంత మాత్రమున సొమ్మీయరాదు. జరిగిన పనిని కొలిచి, కొలతల పుస్తకములో నెక్కిన మేరకే ఈయవలెను. కాంక్రీటు బలమును 28 దినములకు దిమ్మెలపై పరీక్షింతురు. ఆ ఫలితమును చూడుడు. పగుళ్లను బాగుచేయు గడువు ముగియువరకు కొంత సొమ్ము నిలుపు షరతు ఒడంబడికలో నుండవలెను. అదే విధముగా, న్యాయముగా పనిచేసిన కంట్రాక్టరునకు సకాలమున సొమ్ము చెల్లించుట మన విధి. ఆలస్యమగునని భయపడువాడు ఆ నష్టమును ముందే ధరలో కలుపుకొనును.

తుదిగా ఒక మనవి. అంచనాను, ఒడంబడికను గ్రామసభలో బిగ్గరగా చదివింపుడు. 2005 నాటి సమాచార హక్కు చట్టము పనిని తనిఖీ చేయుటకును, సామగ్రి నమూనాలను పొందుటకును పౌరునకు హక్కు నిచ్చినది. ఎవరో అడిగిన పిదప చూపుటకంటె ముందే చూపుట పంచాయతీకి గౌరవము. బాట వేసితిమన్న తృప్తితోపాటు, మోటారుకై ఉంచిన సొమ్ము మోటారుకే మిగిలెనన్న తృప్తియు మీకు కలుగుగాక.